పాత తూములో కొత్త గొట్టం

బస్సులో పక్క ఊరికి వెళుతూ దారిలో ఎన్ని వంతెనలు దాటారో చెప్పమంటే మీలో చాలామంది చెప్పగలరు. ఎన్ని కల్వర్టులు దాటారో చెప్పమంటే మాత్రం ఎవరూ చెప్పలేరు. రోడ్డుకు రెండు పక్కలా మోకాలెత్తు గోడలు రెండు కనిపిస్తాయి. అంతలో బస్సు దాటిపోతుంది. ఆ గోడల కిందికి దిగి ఏమున్నదో చూసేవారు బహు తక్కువ.

కల్వర్టు చేసే పని చిన్నది కాదు. పల్లపు నేలలో రోడ్డు వేయాలంటే ముందు మట్టిపోసి గట్టు కట్టాలి. అప్పుడు ఆ గట్టు వాననీటికి అడ్డుకట్ట అవుతుంది. నీరు పోయే దారి లేకపోతే ఒక పక్క చెరువై నిలుస్తుంది, చివరికి గట్టునే కోసుకుని పోతుంది. అందుకే గట్టు అడుగున అక్కడక్కడ నీటికి దారి వదులుతారు. దానినే మనం కల్వర్టు అంటాం. కొన్ని చోట్ల తూము అని, కొన్ని చోట్ల మోరీ అని, మరికొన్ని చోట్ల మదుం అని కూడా అంటారు. మన దేశంలో ఇంజనీర్ల లెక్క ప్రకారం ఇరువైపుల గోడల నడుమ మొత్తం దూరం 6 మీటర్లకు మించకపోతే అది కల్వర్టు. మించితే వంతెన.

మన రోడ్ల కింద ఎక్కువగా కాంక్రీటు పలకలు పరచిన కల్వర్టులో, హ్యూమ్ పైపులనే కాంక్రీటు గొట్టాలో కనిపిస్తాయి. ఆస్ట్రేలియాకు చెందిన వాల్టర్ హ్యూమ్ 1910లో గిరగిర తిరిగే అచ్చులో కాంక్రీటు పోసి గొట్టాలు చేసే పద్ధతి కనిపెట్టాడు. అందువల్లనే వాటికి ఆ పేరు. అమెరికాలో మరో రకం గొట్టం విరివిగా వాడారు. అది ముడతలు పెట్టిన ఇనుప రేకు గొట్టం. 1896లో ఇండియానా రాష్ట్రంలోని క్రాఫర్డ్స్‌విల్ అనే ఊళ్లో జేమ్స్ వాట్సన్, స్టాన్లీ సింప్సన్ అనే ఇద్దరు దీనిని రూపొందించారు. పలుచని రేకే అయినా ముడతల వల్ల సులువుగా వంగదు, తేలికగా ఉంటుంది, ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. 1956లో అక్కడ దేశమంతటా పెద్ద రహదారులు వేయడానికి చట్టం చేశారు. ఆ రహదారుల కింద ఇటువంటి గొట్టాలు లెక్కలేనన్ని వేశారు. వాటిలో చాలా గొట్టాలకు ఇప్పుడు ముసలితనం వచ్చింది. వాటిని బాగుచేయడం ఎట్లా అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

తుప్పు ఎక్కడ మొదలవుతుంది?

రేకు తుప్పు పట్టకుండా దానిపై జింకు పూత పూస్తారు. ఇనుము కన్నా జింకు ముందుగా ఆక్సిజన్‌తో కలుస్తుంది. అంటే తాను క్షయమవుతూ ఇనుమును కాపాడుతుంది. కాని కల్వర్టు అడుగుభాగానికి ఆ రక్షణ ఎంతోకాలం నిలవదు. ప్రతి వానకూ నీటితో పాటు ఇసుక, గులకరాళ్లు దొర్లుకుంటూ వచ్చి గరుకు కాగితంలా ఆ పూతను గీకేస్తాయి. పూత పోయిన చోట ఇనుముకు నీరు, ఆక్సిజన్ రెండూ అందుతాయి. తుప్పుకు కావలసినవి అవే కదా! చలిదేశాలలో రోడ్లపై మంచు కరగడానికి చల్లే ఉప్పు కూడా ఈ నీటిలో కలిసి తుప్పును త్వరపరుస్తుంది. గనుల నుంచి వచ్చే నీటిలో ఆమ్లం ఉంటే నష్టం ఇంకా ఎక్కువ.

అందుచేత పాత రేకు గొట్టంలోకి తొంగిచూస్తే పైభాగం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. అడుగు మాత్రం జల్లెడలా చిల్లులు పడి ఉంటుంది. కొన్నిచోట్ల అడుగు అసలే ఉండదు. "పైభాగం బాగానే ఉందిగా, అడుగు పోతే ఏం?" అని మీకు అనిపించవచ్చు. ఇక్కడే అసలు సంగతి ఉంది.

మట్టి, గొట్టం జోడెడ్లు

ఒక కల్వర్టు నెత్తిన 3 మీటర్ల ఎత్తు మట్టి ఉందనుకోండి. ఒక ఘనపు మీటరు మట్టి బరువు సుమారు 1.8 టన్నులు. అప్పుడు గొట్టంపై ప్రతి చదరపు మీటరుకు 3 × 1.8 = 5.4 టన్నుల మట్టి ఉన్నదన్నమాట. దానిపై లారీలు వెళతాయి. కొద్ది మిల్లీమీటర్ల మందం రేకు ఇంత బరువు ఎట్లా మోస్తున్నది?

ఒంటరిగా మోయడం లేదు. పైనుంచి బరువు పడగానే గొట్టం రవ్వంత నలిగి పక్కలకు ఉబ్బుతుంది. పక్కనున్న గట్టి మట్టి దానిని ఉబ్బనీయక లోపలికి నెడుతుంది. అటు మట్టి, ఇటు గొట్టం ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ కాడికి కట్టిన జోడెడ్ల లాగా బరువు పంచుకుంటాయి. అడుగున చిల్లు పడితే నీరు గొట్టం వెలుపలికి పోయి మట్టిని కొంచెం కొంచెంగా కడిగేస్తుంది. గొట్టం పక్కన బొరియలు ఏర్పడతాయి. అంటే జోడెడ్లలో ఒకటి కాడి వదిలేసినట్లే. పైన రోడ్డు మాత్రం ఎప్పటి లాగానే నున్నగా కనిపిస్తుంది. ప్రమాదమంతా ఈ కనిపించకపోవడంలోనే ఉంది.

2003 జూన్‌లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో వేల్ అనే ఊరి దగ్గర పెద్ద రహదారి కింది రేకు కల్వర్టు విఫలమై రోడ్డు గోతిలా కుంగిపోయింది. రహదారి మూసివేసి వాహనాలను చుట్టుదారిన పంపవలసి వచ్చింది. 2006 జూన్ 28న న్యూయార్క్ రాష్ట్రంలో సిడ్నీ అనే ఊరి దగ్గర జరిగినది ఇంకా ఘోరం. భారీ వర్షాలకు కార్స్ క్రీక్ అనే వాగు పొంగి కల్వర్టు ఉన్నచోట పెద్ద రహదారినే తెంచుకుపోయింది. ఆ గండిలో పడి ఇద్దరు లారీ డ్రైవర్లు మరణించారు. వరదలో తెగిపోయిన కల్వర్టులన్నీ తుప్పు పట్టినవే అని అనుకోకూడదు. అయితే చుట్టూ మట్టి గుల్లబారిన కల్వర్టు వరదకు ముందుగా లొంగుతుందనడంలో సందేహం లేదు.

ఇంకో విషయం. 1967 డిసెంబరులో అమెరికాలో ఒహైయో నదిపై సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది మరణించారు. ఆ తరువాత దేశంలోని వంతెనలను క్రమం తప్పకుండా పరీక్షించాలని నియమాలు చేశారు. కాని ఆ జాతీయ నియమాలు 20 అడుగులకు మించిన వాటికే వర్తిస్తాయి. అంటే చిన్న కల్వర్టుల మంచిచెడ్డలు ఆయా రాష్ట్రాల, స్థానిక సంస్థల శ్రద్ధకే వదిలివేసినట్లయింది.

తవ్వి తీస్తే సరిపోదా?

పాడైన గొట్టాన్ని తవ్వితీసి కొత్తది వేయడం తేలికని తోస్తుంది. ఒక చిన్న లెక్క చేద్దాం. గొట్టం 6 మీటర్ల లోతున ఉంది. అడుగున పనిచేయడానికి 3 మీటర్ల వెడల్పు కావాలి. మట్టి విరిగి కూలీల మీద పడకుండా రెండు పక్కలా వాలుగా తవ్వాలి. ఒక మీటరు లోతుకు ఒక మీటరు వాలు అనుకుంటే పైన వెడల్పు 6 + 3 + 6 = 15 మీటర్లు అవుతుంది. ఈ కందకం అడ్డుకోత ఒక సమలంబ చతుర్భుజం. దాని వైశాల్యం (15 + 3) ÷ 2 × 6 = 54 చదరపు మీటర్లు. అంటే గొట్టం పొడవునా ప్రతి మీటరుకు 54 ఘనపు మీటర్ల మట్టి తీయాలి, మళ్లీ పోసి గట్టిగా దిమ్మిస చేయాలి. ఒక టిప్పరులో 9 ఘనపు మీటర్లు పడుతుందనుకుంటే మీటరుకు 6 టిప్పర్లు! అన్నాళ్లూ బస్సులు, అంబులెన్సులు చుట్టూ తిరిగి పోవాలి.

మరి రోడ్డును ముట్టుకోకుండా, గొట్టాన్ని కదపకుండా దాని లోపలే మరో గొట్టాన్ని తయారుచేస్తే?

పిండికట్టులోని కిటుకు

చెయ్యి విరిగినవారికి ఆసుపత్రిలో పిండికట్టు వేయడం మీరు చూసే ఉంటారు. పల్చని గుడ్డపట్టీకి తడిపిన పిండి పట్టించి చేతికి చుడతారు. చుట్టేటప్పుడు అది మెత్తగా ఉంటుంది, చేతి వంపులన్నిటికీ అతుక్కుంటుంది. కాసేపటికి వెచ్చబడి రాయిలా గట్టిపడుతుంది. పిండి ఒక్కటే అయితే చిన్న దెబ్బకే పగిలిపోయేది. గుడ్డ ఒక్కటే అయితే వంగిపోయేది. రెండూ కలిస్తే గట్టి కవచం అయింది.

మన ఇళ్లలో పెద్దవాళ్లు చేసిన పని కూడా ఇటువంటిదే. పాతబడిన వెదురు చేటకు, బుట్టకు నానబెట్టిన కాగితం, మెంతులు కలిపి రుబ్బి పూసేవారు. ఆరిన తరువాత చిల్లులన్నీ మూసుకుని చేట మళ్లీ పనికివచ్చేది. కాగితంలోని పీచు బలాన్నిస్తుంది, మెంతి జిగురు ఆ పీచును పట్టి ఉంచుతుంది. మట్టిగోడకు మన్ను తొక్కేటప్పుడు వరిగడ్డి కలపడంలోని సూత్రమూ ఇదే.

ఈ విధంగా నార, దానిని పట్టి ఉంచే జిగురు కలిసి ఏర్పడే వాటిని మిశ్రమ పదార్థాలు అంటారు. కల్వర్టు మరమ్మతులో వాడే నార గాజునార. జిగురు రెజిన్ అనే చిక్కని ద్రవం. పాలియెస్టర్, వినైల్ ఎస్టర్, ఎపాక్సీ అనేవి ఇటువంటి రెజిన్లు. గట్టిపడేటప్పుడు రెజిన్‌లోని అణువులు ఒకదానితో ఒకటి అడ్డంగా, నిలువుగా ముడిపడి వలలాంటి పెద్ద అల్లికగా మారతాయి. ఇట్లా అనేక చిన్న అణువులు ముడిపడి ఏర్పడిన పదార్థమే పాలిమర్. మైనంలా ఇది వేడికి కరగదు. ఒకసారి ముడిపడితే మళ్లీ ద్రవం కాదు.

పెళుసు గాజుకు అంత బలమా?

గాజు అనగానే కిందపడితే పగిలేది అని మనకు గుర్తు. దానిని రోడ్డు కింద వాడటమా? 1920లో ఇంగ్లండులో గ్రిఫిత్ అనే శాస్త్రజ్ఞుడు ఈ సంగతి శోధించాడు. గాజు కడ్డీలను సన్నగా, ఇంకా సన్నగా సాగదీసి లాగి చూశాడు. సన్నబడిన కొద్దీ ప్రతి చదరపు మిల్లీమీటరుకు గాజు ఓర్చగల బలం ఎన్నో రెట్లు పెరిగింది. ఎందువల్ల? గాజు పగలడానికి కారణం దానిమీద కంటికి కనిపించని బీటలు. లాగినప్పుడు బలమంతా బీట కొసన కేంద్రీకరిస్తుంది. అక్కడ చిరుగు మొదలై క్షణంలో అడ్డంగా పాకుతుంది. సన్నని నారలో పెద్ద బీటకు చోటే లేదు.

మరి రెజిన్ చేసే పని ఏమిటి? నారలను ఒకచోట పట్టి ఉంచుతుంది. తెగిన నార మోయవలసిన బరువును పక్క నారలకు చేరవేస్తుంది. నీరు, గీతలు నారకు తగలకుండా కాపాడుతుంది. ఇటువంటి మిశ్రమం బరువు అదే పరిమాణం గల ఉక్కు బరువులో సుమారు నాలుగో వంతు. అన్నిటికన్నా ముఖ్యం, ఇందులో ఇనుము లేదు కనుక తుప్పు పట్టదు. పడవలు, శిరస్త్రాణాలు, నీళ్ల ట్యాంకులు దీనితో చేయడం మీకు తెలిసినదే.

లండన్‌లో తొలి ప్రయత్నం

గొట్టం లోపల గొట్టాన్ని అక్కడికక్కడే తయారుచేసే పద్ధతిని మొదట అమలు చేసినవాడు ఎరిక్ వుడ్. 1971లో ఆయన లండన్‌లోని ఒక పాత ఇటుక మురుగు కాలువ లోపల దీనిని చేసి చూపాడు. దట్టమైన ఉన్ని లాంటి బట్టను సంచిలా కుట్టి, రెజిన్‌లో ముంచి, కాలువలోకి చొప్పించి, ఉబ్బించి, గట్టిపరిచాడు. "ఉన్నచోటనే" అని అర్థమిచ్చే 'ఇన్ సిటు' అనే లాటిన్ మాటతో తన పద్ధతికి ఇన్సిటుఫామ్ అని పేరు పెట్టాడు. 1977లో ఆయనకు అమెరికా పేటెంటు లభించింది. 1994లో దాని గడువు తీరిన తరువాత ఎవరైనా ఈ పద్ధతిని వాడుకునే వీలు కలిగింది. మొదట్లో వాడినది మామూలు పాలియెస్టర్ బట్ట. తరువాతి దశాబ్దాలలో గాజునార బట్ట వచ్చింది. అది ఎక్కువ దృఢమైనది కాబట్టి పొర పలుచగా ఉన్నా సరిపోతుంది. మురుగు కాలువలకు పుట్టిన ఈ ఉపాయాన్నే రోడ్డు కల్వర్టులకూ వాడసాగారు.

పని ఎట్లా జరుగుతుంది?

మొదటిది పరీక్ష. మనిషి పట్టే గొట్టమైతే లోపలికి వెళ్లి చూస్తారు. పట్టనిదైతే చక్రాల బండి మీద కెమెరాను పంపుతారు. గొట్టం ఎంత నలిగిందో కొలుస్తారు. సుత్తితో తట్టి వింటారు. వెనుక మట్టి ఉంటే మొద్దు శబ్దం, బొరియ ఉంటే డొల్ల శబ్దం వస్తుంది. కుండ కొనేటప్పుడు తట్టి చూడటం వంటిదే ఇది.

రెండోది నీటిని మళ్లించడం. ఇసుక బస్తాలతో అడ్డుకట్ట వేసి, వచ్చే నీటిని పంపులతో పక్కనుంచి తోడిపోస్తారు.

మూడోది శుభ్రం చేయడం, బొరియలు పూడ్చడం. జోరైన నీటిధారతో ఒండ్రు, తుప్పు పెచ్చులు కడుగుతారు. అడుగు పోయిన చోట కాంక్రీటుతో సరిచేస్తారు. గొట్టం వెనుక బొరియలలోకి పలుచని సిమెంటు ముద్దను ఒత్తిడితో ఎక్కిస్తారు. ఈ పని ఎగ్గొట్టి లోపల ఎంత మంచి పొర వేసినా ప్రయోజనం లేదు. కాడి వదిలిన ఎద్దును మళ్లీ కాడికి కట్టడమే ఇది.

నాలుగోది పొరను చొప్పించడం. ఈ లోపలి పొరను ఇంజనీర్లు లైనర్ అంటారు. గొట్టం చుట్టుకొలతకు సరిపోయేటట్లు కుట్టిన గాజునార సంచిని కర్మాగారంలోనే రెజిన్‌తో తడిపి తెస్తారు. వేడికి గట్టిపడే రకమైతే మంచుగడ్డల మధ్య, వెలుతురుకు గట్టిపడే రకమైతే వెలుగు చొరని పొరలో చుట్టి తేవాలి. లేకపోతే దారిలోనే గట్టిపడి పనికిరాకుండా పోతుంది. దానిని తాడుతో గొట్టంలోకి లాగి, రెండు చివరలూ బిగించి, లోపలికి గాలి కొడతారు. సైకిల్ టైరులో ట్యూబు ఉబ్బినట్లు అది ఉబ్బి పాత గొట్టం గోడలకు అతుక్కుంటుంది.

ఐదోది గట్టిపరచడం. దీనికి వేడినీరో, ఆవిరో వాడవచ్చు. రెజిన్ ముడిపడటం ఉష్ణమోచక చర్య. ఒకసారి మొదలైతే తానే మరింత వేడిని పుట్టిస్తుంది. కాబట్టి ఉష్ణోగ్రతను కనిపెట్టి ఉండాలి, చివర నెమ్మదిగా చల్లార్చాలి. మరో మార్గం అతినీలలోహిత దీపాలు. రైలు పెట్టెలలా వరుసగా కట్టిన దీపాలను పొర లోపల నిమిషానికి మీటరు అటూ ఇటూ వేగంతో లాగుతారు. ఆ కిరణాలు సోకిన మేర రెజిన్ గట్టిపడుతుంది. పంటి డాక్టరు పుప్పిపన్నులో పెట్టిన మెత్తని ముద్దను నీలి వెలుగు చూపి గట్టిపరచడం కూడా ఇదే జాతి రసాయన చర్య.

చివరగా కొసలు కోసి అంచులు మూస్తారు. ఒక ముక్కను ప్రయోగశాలకు పంపి వంచి చూస్తారు. అనుకున్న బలం వచ్చిందని తేలితేనే పని అయినట్లు.

ఇది కాక రెండో పద్ధతి కూడా ఉంది. కర్మాగారంలో ముందుగానే గట్టిపరచిన గాజునార గొట్టాన్ని పాతదానిలోకి తోసి, రెండింటి మధ్య సందును సిమెంటు ముద్దతో నింపుతారు. పెద్ద గొట్టాలకు ఇది అనువు.

ఎంత మందం కావాలి?

లైనర్‌ను గోడకు వేసే రంగు వంటిదని అనుకోకూడదు. పాత గొట్టం కొన్నేళ్లకు పూర్తిగా తుప్పై రాలిపోయినా మట్టి బరువును, లారీల బరువును కొత్త పొరే మోయగలగాలి. పాడైపోయిన గొట్టాలకు ఇంజనీర్లు అట్లాగే లెక్కకడతారు.

ఇక్కడ ప్రకృతి ఒక మేలు చేసింది. ఒక పలక వంగకుండా నిలిచే శక్తి దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మందం రెండు రెట్లయితే ఈ శక్తి 2 × 2 × 2 = 8 రెట్లవుతుంది. మూడు రెట్లయితే 27 రెట్లు. అదే సూత్రం ఎదురుతిరిగితే కీడు. పొర వేసేటప్పుడు ఎక్కడైనా మందం సగమైతే ఆ చోట దృఢత్వం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే ముక్క కోసి పరీక్షించడం.

గొట్టం సన్నబడితే నీరు పోతుందా?

ఇది మంచి ప్రశ్న. 1889లో రాబర్ట్ మానింగ్ అనే ఐర్లండు ఇంజనీరు చెప్పిన సూత్రం దీనికి జవాబు చెప్పడానికి పనికివస్తుంది. నిండుగా పారే గొట్టంలో ప్రవాహం రెండింటిని బట్టి ఉంటుంది. ఒకటి గొట్టం వ్యాసం. రెండోది లోపలి గోడల గరుకుదనం. ముడతల రేకుకు గరుకుదనం అంకె సుమారు 0.024. నునుపైన ప్లాస్టిక్ గోడకు 0.012 అనుకుందాం. అంటే సగం.

పాత గొట్టం వ్యాసం 1000 మిల్లీమీటర్లు. దానిలోకి తోసిన కొత్త గొట్టం లోపలి వ్యాసం 900 మిల్లీమీటర్లు. వ్యాసం పదో వంతు తగ్గినందువల్ల ప్రవాహం సుమారు 75 శాతానికి తగ్గుతుంది. గరుకుదనం సగమైనందువల్ల రెట్టింపవుతుంది. మొత్తం మీద 0.75 × 2 = 1.5. సన్నబడిన గొట్టం ఒకటిన్నర రెట్లు నీటిని పంపగలదన్నమాట! వింతగా లేదూ?

కాని సంబరపడేముందు గొట్టం నోటి దగ్గర నిలబడి ఆలోచించాలి. నిట్టవాలుగా ఉన్న కల్వర్టులో లోపల ఎంత నునుపున్నా నోటిలో పట్టినంత నీరే లోపలికి పోతుంది. 900 మిల్లీమీటర్ల నోటి వైశాల్యం పాతదానిలో 81 శాతమే. అటువంటి చోట వరదనీరు వెనక్కి నిలుస్తుంది. అప్పుడు నోటిని గరాటులా వెడల్పు చేయడం వంటి ఉపాయాలు చూడాలి. ఉన్నచోటనే గట్టిపరచే పొర అయితే ఈ నష్టం తక్కువ. 10 మిల్లీమీటర్ల మందం పొరకు వ్యాసం 980 అవుతుంది, వైశాల్యం 96 శాతం మిగులుతుంది. అయితే మెత్తని పొర పాత ముడతలను కొంత అచ్చు తీసుకుంటుంది కాబట్టి అంత నునుపు రాదు.

ఇంకొక చిక్కు. పై లెక్కలో నీటి వేగం దాదాపు 1.86 రెట్లవుతుంది. అంత వేగంగా బయటపడే నీరు అవతలి ఒడ్డున మట్టిని తవ్వేస్తుంది. అక్కడ రాళ్లు పరచి జోరు తగ్గించాలి. చేపలు ఎదురీదే వాగులలో ఆ వేగానికి అవి పైకి పోలేవు. రోడ్డుకు మేలు చేయబోయి వాగుకు కీడు చేసినట్లవుతుంది.

మరచిపోరాని జాగ్రత్తలు

పాలియెస్టర్, వినైల్ ఎస్టర్ రెజిన్లలో స్టైరీన్ అనే ఘాటైన ద్రవం ఎక్కువగా వాడతారు. అది పూర్తిగా ముడిపడకపోతే కొంత నీటిలోకి, కొంత గాలిలోకి పోతుంది. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఇట్లా బాగుచేసిన కల్వర్టుల నీటిని పరీక్షించగా నీటి ప్రాణులకు హాని చేసేంత స్టైరీన్ కొన్నిచోట్ల కనిపించిందని 2008లో నివేదిక వచ్చింది. ఆ తరువాత ఆ రాష్ట్రం పని నియమాలను కట్టుదిట్టం చేసింది. ఆవిరితో గట్టిపరచేటప్పుడు పైకి లేచే తెల్లని పొగ ఉత్త నీటి ఆవిరి కాదని, అందులో రసాయనాలూ ఉంటాయని పర్డ్యూ విశ్వవిద్యాలయం వారు 2017లో తెలియజేశారు. కాబట్టి కూలీలకు రక్షణ సాధనాలు, చుట్టుపక్కల వారికి ముందస్తు హెచ్చరిక తప్పనిసరి. గట్టిపరచడానికి వాడిన నీటిని వాగులోకి వదలరాదు.

అన్ని కల్వర్టులకూ ఇది మందు కాదు. గొట్టం పూర్తిగా కూలిపోతే సంచిని చొప్పించే దారే ఉండదు. మొదటినుంచీ చాలని కల్వర్టుకు లోపల పొర వేస్తే వరద బాధ తీరదు. అటువంటి చోట తవ్వి పెద్దది కట్టవలసిందే.

మరి వేసిన పొర ఎంతకాలం నిలుస్తుంది? అమెరికా పర్యావరణ సంస్థ 2012లో ఒక నివేదిక వెలువరించింది. డెన్వర్ నగరంలోని మురుగు కాలువల నుంచి 25 ఏళ్ల నాటి పొర ముక్కను కోసి పరీక్షిస్తే అది మంచి స్థితిలోనే ఉన్నదని తేలింది. కల్వర్టులో గులకరాళ్ల రాపిడి ఎక్కువ కనుక అక్కడ కన్ను వేసి ఉంచడం మానరాదు.

మీరే చేసి చూడండి

1. రెండు పుస్తకాలను జానెడు దూరంలో పెట్టి వాటిమీద ఒక కాగితం పరచండి. దానిపై ఒక రూపాయి బిళ్ల పెట్టండి. కాగితం కుంగిపోతుంది. అదే కాగితాన్ని విసనకర్రలా ముడతలు పెట్టి పరచండి. ఎన్ని బిళ్లలు మోస్తుందో లెక్కించండి. రేకు గొట్టానికి ముడతలెందుకో తెలుస్తుంది.

2. మైదాపిండిని చిక్కగా ఉడికించి జిగురు చేయండి. ప్లాస్టిక్ కాగితంపై జిగురును ఒక్కదానినే పట్టీలా ఆరబెట్టండి. అంతే పొడవు గల పాత నూలుగుడ్డ పట్టీలు మూడు ఒకదానిపై ఒకటి జిగురుతో అంటించి ఆరబెట్టండి. రెండు రోజుల తరువాత రెండింటినీ వంచి చూడండి. ఏది పగిలింది? ఏది నిలిచింది? ఒక భేదం గుర్తుంచుకోండి. మైదా జిగురు నీరు ఆరి గట్టిపడుతుంది, మళ్లీ తడిపితే మెత్తబడుతుంది. రెజిన్ రసాయన చర్యతో గట్టిపడుతుంది, తడిపినా మెత్తబడదు.

3. వాన లేని రోజున మీ ఉపాధ్యాయునితో కలిసి బడి దగ్గరి కల్వర్టును గట్టుమీద నుంచే పరిశీలించండి. లోపలికి మాత్రం దూరవద్దు. నీరు వచ్చే వైపు చెత్త అడ్డుపడిందా? నీరు పోయే వైపు గొయ్యి పడిందా? పైన రోడ్డు ఒకచోట కుంగినట్లుందా? పక్క గోడల్లో బీటలున్నాయా? చూసినదంతా తేదీ వేసి రాయండి. లోపం కనిపిస్తే పంచాయతీకో, రోడ్ల శాఖకో ఉత్తరం రాయండి. మట్టి గుల్లబారే దశలో తెలిస్తే మరమ్మతు సరిపోతుంది. గండి పడిన తరువాత తెలిస్తే ఏ లైనరూ పనికిరాదు.

ఆలోచించండి

1. పాత గొట్టం లోపలి వ్యాసం 600 మిల్లీమీటర్లు. 6 మిల్లీమీటర్ల మందం పొర వేశారు. కొత్త వ్యాసం ఎంత? వైశాల్యం ఎంత శాతం మిగిలింది? (జవాబు: 588 మిల్లీమీటర్లు, సుమారు 96 శాతం.)

2. 6 మిల్లీమీటర్లకు బదులు 9 మిల్లీమీటర్ల పొర వేస్తే వంగకుండా నిలిచే శక్తి ఎన్ని రెట్లు పెరుగుతుంది? (జవాబు: ఒకటిన్నర ఘనం, అంటే దాదాపు 3.4 రెట్లు.)

3. గొట్టం వెనుక బొరియలు పూడ్చకుండా పొర వేస్తే ఏమవుతుంది? మీ మాటల్లో రాయండి.